మూడు వేళ్లు పోయాయి, రాజీనామా రాయమంటున్నారు: ఈఎస్‌ఐ, పీఎఫ్ పెన్షన్ సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

బాలానగర్ తమ్ముడు
7 సెప్టెంబర్ 2025, రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు, తప్పులుంటే సర్దుకోండి.

మా అన్నయ్యకు 52 ఏళ్లు. బాలానగర్‌లో ఒక షెడ్డులో పవర్ ప్రెస్ మీద పని. ఆగస్టు 19 సాయంత్రం కుడి చెయ్యి డై కింద పడింది. చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు పోయాయి. బొటనవేలు, చిటికెన వేలు మిగిలాయి. సూపర్‌వైజరే బండి మీద ఎక్కించుకుని దగ్గర్లోని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్లాడు. బిల్లు కంపెనీయే కట్టింది, అది కాదనను.

మొన్న మేనేజర్ గారు బత్తాయిలు పట్టుకుని ఇంటికొచ్చారు. 'లక్ష రూపాయలు ఇస్తాం, రాజీనామా రాసివ్వు, పీఎఫ్ కూడా తొందరగా వచ్చేలా చూస్తాం' అన్నారు. ఫారాలు కూడా వెంట తెచ్చారు. సంతకం మాత్రం ఇంకా పెట్టలేదు, ఎందుకంటే పెట్టలేడు. నా కూతురి నాలుగు గీతల నోటుబుక్కులో ఎడమ చేత్తో సంతకం నేర్చుకుంటున్నాడు. అది చూశాక అడుగుదామనిపించింది.

జీతం 18,000. అందులో బేసిక్, డీఏ కలిపి 15,000. ఈఎస్‌ఐ, పీఎఫ్ రెండూ కట్ అవుతాయి. 2008 నుంచి అదే షెడ్డు. ఈఎస్‌ఐ వాళ్లు పెన్షన్ ఇస్తారా? పీఎఫ్‌లో వికలాంగుల పెన్షన్ అని ఒకటుందట, నిజమేనా? ఆసరా వస్తుందా? మూడూ వస్తాయా, ఒకటొస్తే ఇంకోటి పోతుందా?

చింతల్ చిన్నోడు
7 సెప్టెంబర్, రాత్రి 9:52

అన్నా, ముందుగాల సంతకం జేయనీయకు. మా బావ గట్లనే జేసి ఆగమైండు. మిగిలింది తెలిసినోళ్లు జెప్తరు.

కోడ్ కూలీ
7 సెప్టెంబర్, రాత్రి 10:15

పీఎఫ్ పెన్షన్ లెక్క సింపులే. పెన్షన్ జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగించాలి. 15,000 × 17 ÷ 70 అంటే నెలకు 3,642. 50 ఏళ్లు దాటితే ముందుగానే తీసుకోవచ్చు కాబట్టి ఇప్పుడే పెట్టేయండి. లక్షా వస్తుంది, పెన్షనూ వస్తుంది. నా సలహా అయితే తీసుకుని బయటపడటమే, ఆ మెషిన్ దగ్గరికి మళ్లీ ఎందుకు?

ఏజెంటుతో పనిలేదు
7 సెప్టెంబర్, రాత్రి 10:31

కూలీ గారూ, ఏసీలో కూర్చుని 'బయటపడటమే' అనడం తేలికండీ.

తమ్ముడూ, నాకు చిన్నప్పటి నుంచి పోలియో, కాలిపర్ మీదే నడుస్తా. ఈ ఆఫీసులన్నీ తిరిగి తిరిగి నాకు తెలిసింది ఒక్కటే: 'వైకల్యం' అన్న మాటకు ఒక్కో కౌంటర్ దగ్గర ఒక్కో అర్థం. ఈఎస్‌ఐ వాళ్లు అడిగేది 'నీ సంపాదించే శక్తి ఎంత తగ్గింది?' అని. పీఎఫ్ వాళ్లు అడిగేది 'ఇప్పటిదాకా చేయగలిగిన ఏ పనీ ఇక ఎప్పటికీ చేయలేవా?' అని. ఆసరాకు కావాల్సిన సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు చూసేది 'ఒంట్లో లోపం ఎంత శాతం?' అని. ఒకచోట ఇచ్చిన శాతం ఇంకోచోట చెల్లదు. అందుకే 'మూడూ వస్తాయా' అని కలిపి అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు. విడివిడిగా అడగండి.

కాగితాల తాత
8 సెప్టెంబర్, ఉదయం 6:05

నమస్కారం. నేను ఒక ఫ్యాక్టరీ పర్సనల్ సెక్షన్‌లో 31 ఏళ్లు గుమస్తాగా చేసి రిటైరయ్యాను. చేత్తో నింపిన ప్రమాదం రిపోర్టులకు లెక్క లేదు. రాత్రి పూట కళ్లు కనిపించవు గనుక పొద్దున్నే రాస్తున్నాను.

ముందు ఈఎస్‌ఐ సంగతి, డబ్బు అక్కడే ఉంది. 21,000 లోపు జీతం, కార్డు ఉంది, పనిలో ఉండగా దెబ్బ తగిలింది. దీన్ని ఉద్యోగ గాయం అంటారు. దీనికి ఇన్నాళ్లు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. చేరిన రోజే జరిగినా వర్తిస్తుంది. ఇందులో రెండు మెట్లు.

ఒకటి, పనికి వెళ్లలేనన్నాళ్లు తాత్కాలిక వైకల్య భృతి. రోజు జీతంలో 90 శాతం. 18,000 అంటే రోజుకు సుమారు 600, అందులో 90 శాతం 540. ఆదివారాలకు కూడా లెక్కగడతారు. ఈఎస్‌ఐ డాక్టరు 'పనికి ఫిట్' అని రాసేదాకా వస్తుంది.

రెండు, గాయం మానాక మెడికల్ బోర్డు చూసి సంపాదన శక్తి ఎంత శాతం పోయిందో తేలుస్తుంది. దీనికి చట్టంలోనే పట్టిక ఉంది. ఒక చేతికి మూడు వేళ్లు పోతే 30 శాతం. నాలుగూ పోతే 50. బొటనవేలు ఒక్కటి పోయినా 30. మీ అన్నగారి పట్టు బోర్డు కళ్లారా చూసి నిర్ణయిస్తుంది గానీ, పట్టిక లెక్కన 540లో 30 శాతం, అంటే రోజుకు 162. నెలకు సుమారు 4,860. ఇది బతికున్నంత కాలం వస్తుంది. మళ్లీ పనిలో చేరినా ఆగదు. చాలామందికి ఈ ఆఖరి ముక్క తెలియదు, ఉద్యోగం ఉంటే పెన్షన్ పోతుందనుకుని మానేస్తారు.

ఇప్పుడు ఆ లక్ష సంగతి చూడండి. 4,860 చొప్పున ఇరవై ఒక్క నెలల్లో లక్ష దాటుతుంది. ఆ తర్వాత కూడా వస్తూనే ఉంటుంది.

ఒక్క మాట అడుగుతాను. కంపెనీ ప్రమాదం రిపోర్టు పంపిందా? కబురందిన వెంటనే ఈఎస్‌ఐకి పంపాలి. ఫారం 12 అంటారు. ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్లారంటేనే నాకు అనుమానంగా ఉంది.

బాలానగర్ తమ్ముడు
8 సెప్టెంబర్, మధ్యాహ్నం 1:20

తాతగారూ, కాళ్లకు దండం. ఇప్పుడే మేనేజర్‌కి ఫోన్ చేశా. 'రిపోర్టు ఎందుకమ్మా, మనం మనం చూసుకుందాం' అన్నారు. పంపలేదు.

చింతల్ చిన్నోడు
8 సెప్టెంబర్, మధ్యాహ్నం 1:34

మనం మనం అంటే గీ లక్షనే గదా 😏 ప్రెస్‌కి గార్డు లేదని ఇన్‌స్పెక్టర్ వస్తడని భయం.

కాగితాల తాత
8 సెప్టెంబర్, సాయంత్రం 5:10

పంపకపోయినా దారి మూసుకుపోదు. మీ కంపెనీకి ఏ ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసు వర్తిస్తుందో ఈ-పహచాన్ కార్డు (ఈఎస్‌ఐ గుర్తింపు కార్డు) మీద చూడండి. అక్కడ మీ అన్నగారి పేరుతో ఒక తెల్లకాగితం మీద రాసివ్వండి: ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ మెషిన్ మీద, పక్కన ఎవరున్నారు, ఎక్కడ వైద్యం చేయించారు. నర్సింగ్ హోమ్ డిశ్చార్జ్ కాగితం, ఎక్స్‌రేలు జతచేయండి. రెండు కాపీలు పట్టుకెళ్లి ఒకదాని మీద ముద్ర వేయించుకోండి. ముద్ర లేని కాగితం ఇచ్చినా ఒకటే ఇవ్వకపోయినా ఒకటే. ఆ తర్వాత ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి వెళ్లి డాక్టరు చేత సెలవు సర్టిఫికెట్ రాయించుకోవాలి. అది లేకుండా రోజు భృతి లెక్క మొదలవ్వదు. షెడ్డులో ప్రమాదాల పుస్తకం ఉండాలి, అందులో పేరు ఎక్కిందో లేదో కనుక్కోండి.

ఇంకొకటి. తాత్కాలిక భృతి తీసుకుంటున్న రోజుల్లో ఉద్యోగిని తీసెయ్యడం ఈఎస్‌ఐ చట్టం 73వ సెక్షన్ ప్రకారం కుదరదు. అందుకే వాళ్లు తీసెయ్యట్లేదు, మీ చేత రాయించుకుంటున్నారు.

ఇక మన కోడ్ కూలీ గారి పెన్షన్ లెక్క. బాబూ, సూత్రం సరిగ్గానే పట్టుకున్నారు, కానీ 2014ను మర్చిపోయారు. ఆ ఏడాది సెప్టెంబర్ 1కి ముందు జీతం పరిమితి 6,500. ఆ సర్వీసును ఆ పరిమితితోనే లెక్కగడతారు. 2008 నుంచి 2014 దాకా ఆరేళ్లు: 6,500 × 6 ÷ 70 అంటే 557. తర్వాత పదకొండేళ్లు: 15,000 × 11 ÷ 70 అంటే 2,357. మొత్తం 2,914. మీరు చెప్పిన 3,642 రాదు.

అది కూడా 58కి తీసుకుంటేనే. 52కే మొదలుపెడితే ఏడాదికి 4 శాతం చొప్పున కోత. ఆరేళ్లకు అయిదో వంతుకు పైనే పోయి 2,300 లోపుకి పడుతుంది. ఆ కోత 58 రాగానే తీసెయ్యరు, జీవితాంతం అంతే.

కోడ్ కూలీ
8 సెప్టెంబర్, సాయంత్రం 6:02

తప్పు నాదే తాతగారూ. నెట్‌లో కాలిక్యులేటర్ పెట్టి చూశా, అందులో 2014 అడగలేదు. నా మొదటి పోస్టు ఎవరూ నమ్మకండి.

బెజవాడ బాబాయ్
8 సెప్టెంబర్, రాత్రి 8:47

మా నాన్నగారికి ఈపీఎస్, అంటే ఈ పీఎఫ్ పెన్షన్, 1,000 చిల్లర. డీఏ లేదు, పెంపు లేదు. 2014లో కనీసం 1,000 అన్నారు, అక్కడే ఆగింది. 7,500 చేయమని పెన్షనర్లు రోడ్డెక్కుతూనే ఉన్నారు. మా వైపు వికలాంగుల పెన్షన్ ఎన్టీఆర్ భరోసాలో 6,000, అంటే ముప్ఫై ఏళ్లు చందా కట్టిన మనిషి కంటే ఎక్కువ. వాళ్లకు ఇవ్వొద్దని కాదు నా బాధ.

ఏజెంటుతో పనిలేదు
8 సెప్టెంబర్, రాత్రి 9:15

బాబాయ్ గారూ, తెలంగాణలో ఆ మొత్తం 4,016. 2014 నవంబర్‌లో ఆసరా మొదలైనప్పుడు 1,500, తర్వాత 3,016, 2023లో 4,016.

తమ్ముడూ, దీనికి 40 శాతం సర్టిఫికెట్ కావాలి. వినికిడి లోపానికైతే 51. ఇంతకుముందు సదరం అనేవాళ్లం, ఇప్పుడు యూడీఐడీ. స్వావలంబన్ పోర్టల్‌లో స్లాట్ తీసుకుని ప్రభుత్వ ఆసుపత్రి క్యాంపుకు వెళ్లాలి. ఈఎస్‌ఐ బోర్డు ఇచ్చిన 30 శాతం కాగితం అక్కడ చూపిస్తే పక్కన పెడతారు. వాళ్ల కొలత వేరు. నా మాట వింటే ఆసరా మీద ఆశ పెట్టుకోకండి, 40 దాటడం కష్టం. కానీ సర్టిఫికెట్ మాత్రం తీసుకోండి, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది.

క్యాంపు రోజున కట్టు విప్పి చూపించడానికి సిద్ధంగా వెళ్లమనండి. కొందరు సిగ్గుపడి చెయ్యి జేబులో పెట్టుకుంటారు. డాక్టరు ముందు రెండు నిమిషాలే ఉంటాం, ఆ రెండు నిమిషాల్లో పిడికిలి బిగించి, సీసా మూత తిప్పి, పెన్ను పట్టుకుని చూపించాలి.

లక్కీ ఫైల్ సర్వీసెస్
8 సెప్టెంబర్, రాత్రి 10:58

బ్రదర్ ఇవన్నీ మీరు తిరిగితే రెండేళ్లు. ఐదు వేలు ఇస్తే శాతం, పెన్షన్ అన్నీ మేమే చూసుకుంటాం. ఇన్‌బాక్స్‌కి రండి.

నిర్వాహకుడు
8 సెప్టెంబర్, రాత్రి 11:06

పై సభ్యుడిని తొలగించాం. పోస్టు మాత్రం అలాగే ఉంచుతున్నాం, ఇలాంటి వాళ్లు ఎలా మాట్లాడతారో కొత్తవాళ్లు చూడాలి. ఈ దరఖాస్తుల్లో దేనికీ మధ్యవర్తి అక్కర్లేదు.

మౌలాలి అమ్మ
9 సెప్టెంబర్, ఉదయం 11:30

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా బాబుకు 24 ఏళ్లు, బుద్ధిమాంద్యం. మా వారు ప్రభుత్వ టీచరు, 1996లో చేరారు, ఇంకో రెండేళ్లు సర్వీసుంది. మా ఇద్దరి తర్వాత వీడికి ఏమైనా వస్తుందా అన్నదే నా ప్రశ్న. ఎవర్ని అడిగినా '25 ఏళ్లు దాటితే పిల్లలకు ఫ్యామిలీ పెన్షన్ ఉండదు' అంటారు. వచ్చే ఫిబ్రవరికి వీడికి 25.

సర్టిఫికెట్ కోసం మమ్మల్ని ఒకచోట మూడుసార్లు తిప్పారు. వాడేమో టోకెన్ చేతిలో పెట్టుకుని 'నా నంబర్, నా నంబర్' అని అందరికీ చూపిస్తూ తిరిగాడు. ఆ టోకెన్ ఇంకా వాడి దిండు కిందే ఉంది.

కాగితాల తాత
9 సెప్టెంబర్, సాయంత్రం 5:25

అమ్మా, ఆ 25 ఏళ్ల గీత మామూలు పిల్లలకు. తనంతట తాను సంపాదించుకోలేని వైకల్యం ఉన్న బిడ్డకు ఫ్యామిలీ పెన్షన్ వయసుతో పని లేకుండా జీవితాంతం ఉంటుంది. మీవారు 2004 సెప్టెంబర్‌కు ముందే చేరారు కాబట్టి సీపీఎస్ (చందా కట్టే కొత్త పెన్షన్) కాదు, పాత పెన్షనే. ముందు మీకు, మీ తర్వాత బాబుకు.

అయితే ఈ పని ఆయన సర్వీసులో ఉండగానే చేయించండి. కుటుంబ సభ్యుల వివరాల్లో బాబు పేరు, వైకల్యం, సర్టిఫికెట్ నంబరు ఎక్కాలి. పెన్షన్ కాగితాలు పంపేటప్పుడు అవి కూడా వెళ్లాలి. తల్లిదండ్రులిద్దరూ పోయాక బాబాయో మేనమామో వెళ్లి 'వీడు వాళ్ల కొడుకే, పుట్టుకతోనే ఇలా' అని రుజువు చేయడం ఎంత కష్టమో నేను చూశాను. ఒక కుర్రాడి ఫైలు నా బల్ల మీదే నాలుగేళ్లు తిరిగింది. ఇప్పటికీ గుర్తొస్తే మనసు పాడవుతుంది.

ప్రైవేటు ఉద్యోగులకూ ఇదే వెసులుబాటు ఉంది. ఈపీఎస్‌లో పిల్లల పెన్షన్ 25 ఏళ్ల దాకా, ఇద్దరికే. కానీ పూర్తి శాశ్వత వైకల్యం ఉన్న బిడ్డకు వయసు పరిమితి లేదు, ఇద్దరే అన్న లెక్కా లేదు.

ఏజెంటుతో పనిలేదు
9 సెప్టెంబర్, రాత్రి 7:40

అమ్మగారూ, బాబుకు 18 దాటాయి కాబట్టి చట్టం దృష్టిలో మీరు తల్లే, సంరక్షకులు కారు. బ్యాంకులో పెన్షన్ ఖాతా దగ్గర ఇదే అడ్డు పడుతుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద లీగల్ గార్డియన్‌ను నియమిస్తారు. జిల్లా కలెక్టర్ అధ్యక్షతన లోకల్ లెవల్ కమిటీ ఉంటుంది, దానికి దరఖాస్తు పెట్టుకోండి. అదే ట్రస్టు కింద నిరామయ అనే ఆరోగ్య బీమా కూడా ఉంది, ఏడాదికి లక్ష దాకా. మీరుండేది మౌలాలి అంటున్నారు, మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ మీకు దగ్గరే. అక్కడ తల్లిదండ్రులకు దారి చూపిస్తారు.

కోడ్ కూలీ
9 సెప్టెంబర్, రాత్రి 8:02

ఈసారి సరిచూసుకునే రాస్తున్నా. టీచరు గారు ఇన్‌కమ్ టాక్స్ పాత పద్ధతిలో ఉంటే 80డీడీ కింద 75,000 తగ్గింపు, వైకల్యం 80 శాతం, ఆ పైన అయితే 1,25,000. ఖర్చు బిల్లులు అడగరు, ఎంత ఖర్చయినా ఆ మొత్తం ఇస్తారు. కొత్త పద్ధతిలో ఇది లేదు.

మౌలాలి అమ్మ
9 సెప్టెంబర్, రాత్రి 8:30

ఇన్నేళ్లలో మాకు ఇది ఎవరూ చెప్పలేదు. స్కూల్లో ఆ కాగితాలు చూసే ఆయన కూడా. రేపే అడుగుతాను. సంతోషం అందరికీ.

కొత్తపేట కబుర్లు
10 సెప్టెంబర్, ఉదయం 9:15

మా బావగారు ఒక సర్కారు శాఖలో జీపు డ్రైవరు. కంటి పరీక్షలో ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియట్లేదని అన్‌ఫిట్ అన్నారు. 'మెడికల్ గ్రౌండ్స్ మీద రిటైర్మెంట్ తీసుకో' అంటున్నారు. తీసుకోవాలా? బాలానగర్ అన్నగారికి కూడా అదే రూలు వర్తిస్తుందేమో.

ఏజెంటుతో పనిలేదు
10 సెప్టెంబర్, ఉదయం 10:20

బావగారిది సర్కారు ఉద్యోగం కాబట్టి ఆయన దగ్గర పెద్ద ఆయుధమే ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 20, నాలుగో ఉపసెక్షన్: సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టులోకి మార్చాలి. పోస్టు ఖాళీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి. 1995 చట్టంలో ఇదే 47వ సెక్షన్. కాలు పోయిన ఒక కానిస్టేబుల్ కేసులో, కునాల్ సింగ్ కేసు అంటారు, 'ఇన్‌వాలిడ్ పెన్షన్ ఇచ్చాం కదా' అన్న వాదన కుదరదని సుప్రీంకోర్టు 2003లోనే చెప్పింది. వర్ణాంధత్వం ఆ చట్టాల జాబితాలో లేదని వాళ్లు అనొచ్చు. అలాంటి డ్రైవర్ల కేసుల్లో కూడా వేరే ఉద్యోగం ఇవ్వాలని కోర్టులు చెప్పాయి. రిటైర్మెంట్ కాగితం రాయకుండా, 'ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇప్పించండి' అని రాతపూర్వకంగా అడగమనండి.

బాలానగర్‌కు మాత్రం ఇది వర్తించదు. ఆ సెక్షన్ ప్రభుత్వ సంస్థలకే. ప్రైవేటు షెడ్డులో మనకు దొరికేది తాతగారు చెప్పిన 73వ సెక్షనే, అది కూడా భృతి వచ్చే రోజుల్లోనే.

బాలానగర్ తమ్ముడు
11 సెప్టెంబర్, రాత్రి 9:05

తాతగారూ, బ్రాంచి ఆఫీసులో కాగితం ఇచ్చి ముద్ర వేయించుకున్నా. కానీ ఇంకో సంగతి బయటపడింది. రాత్రి ఉమంగ్‌లో అన్నయ్య పాస్‌బుక్ తెరిచా. యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) ఒకటే, దాని కింద రెండు ఖాతాలు. మొదటిది 2008 మే నుంచి 2016 జూన్ దాకా, కాంట్రాక్టరు పేరు మీద. రెండోది 2016 ఆగస్టు నుంచి, కంపెనీ పేరు మీద. మొదటి దాంట్లో సున్నా ఉంది. అడిగితే అన్నయ్య తల గోక్కున్నాడు. పెద్దమ్మాయి పెళ్లికి 2016లో పీఎఫ్ మొత్తం తీసేశాడట, పెన్షన్ డబ్బు కూడా. ఏదో 10సీ అనే ఫారం నింపారట. వదినకు కూడా తెలియదు. ఇప్పుడు ఇంట్లో మాటల్లేవు.

పెన్షన్ కాలమ్‌లో నెలకు 1,250 కనిపిస్తోంది, 2016 నుంచి.

కాగితాల తాత
12 సెప్టెంబర్, ఉదయం 5:50

నిన్న రాత్రే చూశాను, నిద్ర పట్టలేదు.

బాబూ, నేను వేసిన 2,914 లెక్క కూడా ఇక చెల్లదు. 10సీ కింద పెన్షన్ డబ్బు తీసుకుంటే ఆ ఎనిమిదేళ్ల సర్వీసు పెన్షన్‌కు పోయినట్టే. ఇప్పుడున్నది 2016 ఆగస్టు నుంచి, తొమ్మిదేళ్ల ఒక నెల. నెల నెలా పెన్షన్ రావాలంటే పదేళ్లు కావాలి. ఆరు నెలలు, ఆ పైన ఉన్న తునకను ఏడాదిగా చూస్తారు, కాబట్టి తొమ్మిదిన్నర నిండితే పది కింద లెక్క. అంటే వచ్చే ఫిబ్రవరి.

మేనేజర్ గారు తెచ్చిన ఫారాలు ఫొటో తీసి చూడండి. రాజీనామాతో పాటు 19 (పీఎఫ్ డబ్బు తీసుకునే ఫారం), 10సీ ఉంటాయి, పందెం. ఇప్పుడు సంతకం పెడితే మళ్లీ పెన్షన్ డబ్బు చేతికొచ్చి సర్వీసు మళ్లీ సున్నా. 52 ఏళ్ల వయసులో ఇంకెక్కడ పదేళ్లు చేస్తాడు?

ఉద్యోగంలో ఉండి ఫిబ్రవరి దాటితే 58కి కనీసం 15,000 × 10 ÷ 70, అంటే 2,142. 58 దాకా చేయగలిగితే పదిహేనేళ్ల లెక్కన 3,214. జీతం లేని రోజులు పెన్షన్ లెక్కలో తగ్గుతాయి. అందుకని గాయం మానాక ప్రెస్ మీద కాకుండా స్టోర్స్‌లోనో ప్యాకింగ్‌లోనో తేలిక పని అడగండి, చందా మళ్లీ మొదలవ్వాలి.

తప్పక మానాల్సే వస్తే 10సీలో డబ్బు అడక్కండి, స్కీమ్ సర్టిఫికెట్ అడగండి. ఫారం అదే, టిక్కు పెట్టే గడి వేరు. సర్టిఫికెట్ ఉంటే ఇంకోచోట చేరినప్పుడు ఈ సర్వీసు కలుస్తుంది.

మీరు మొదట్లో అడిగిన పీఎఫ్ వైకల్య పెన్షన్ ఉంది. దానికి పదేళ్లు అక్కర్లేదు, ఒక్క నెల చందా చాలు. కానీ మన అమ్మాయి మొదట్లోనే చెప్పినట్టు, చేయగలిగిన ఏ పనీ శాశ్వతంగా చేయలేని వాళ్లకే. మూడు వేళ్లకు అది వస్తుందని నేను ఆశ పెట్టను. అన్నగారు స్టోర్స్‌లో కూర్చోగలరంటే రాదు, కూర్చోగలగాలనే నా కోరిక.

ఏజెంటుతో పనిలేదు
12 సెప్టెంబర్, ఉదయం 7:30

తాతగారూ, నాకు 44 ఏళ్లు. 'అమ్మాయి' అన్నందుకు థాంక్స్ 😄

కోడ్ కూలీ
12 సెప్టెంబర్, ఉదయం 10:11

ఇంకో లెక్క తట్టింది. గ్రాట్యుటీ! బేసిక్, డీఏ 15,000 మీద ఏడాదికి 15 రోజుల జీతం, 26తో భాగించి: 15,000 × 15 ÷ 26 × 9 అంటే 77,884. మానేసినా రిటైరైనా ఇది చట్టప్రకారం ఎలాగూ ఇవ్వాల్సిందే. వైకల్యం వల్ల మానేస్తే అయిదేళ్ల షరతు కూడా ఉండదు. మరి ఆ లక్షలో ఇది కలిసి ఉందా, వేరా?

చింతల్ చిన్నోడు
12 సెప్టెంబర్, ఉదయం 10:19

గది అడుగు అన్నా! కలిసుంటే వాళ్లిచ్చేది ఇరవై రెండు వేలు. మూడు వేళ్లకు.

బాలానగర్ తమ్ముడు
12 సెప్టెంబర్, రాత్రి 10:40

అడిగా. 'అన్నీ కలిపే లక్ష' అన్నారు. తాతగారి పందెం కూడా నెగ్గింది. ఫారాల్లో 19, 10సీ ఉన్నాయి. అన్నయ్య ఆ కట్టను బియ్యం డబ్బా కింద పెట్టి పడుకున్నాడు. వదిన మాట్లాడింది, తిట్టింది అనాలి.

బెజవాడ బాబాయ్
13 సెప్టెంబర్, ఉదయం 8:20

తిడితే మంచిదే, మాటలు మొదలైనట్టే.

ఒక ముందుమాట. 58 తర్వాత ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. మా నాన్న ముప్ఫై ఏళ్లు లేత్ మీద చేశారు, వేలిముద్రలు అరిగిపోయాయి. మెషిన్ మీద పది వేళ్లూ పెట్టినా తీసుకోలేదు. కౌంటర్ దగ్గర ఆయన వేళ్లను లుంగీకి రుద్దుకుంటూ, కొబ్బరినూనె రాసుకుంటూ పెట్టారు. ఆఖరికి ఎవరో కుర్రాడు ఫోన్లో ముఖం చూపిస్తే చాలన్నాడు. ఫేస్ అథెంటికేషన్‌తో ఇంట్లోనే అయిపోయింది. మీ అన్నగారికీ ఆ దారే పనికొస్తుంది. 2025 జనవరి నుంచి ఈపీఎస్ పెన్షన్ ఏ బ్యాంకు ఏ బ్రాంచిలోనైనా తీసుకోవచ్చు కూడా.

బాలానగర్ తమ్ముడు
12 అక్టోబర్, సాయంత్రం 6:30

చాలా రోజులైంది, క్షమించండి. పండగ హడావిడిలో పడిపోయా.

రాజీనామా ఇవ్వలేదు. బ్రాంచి ఆఫీసు నుంచి కంపెనీకి కబురు వెళ్లాక ప్రమాదం రిపోర్టు పంపారు, తేదీ ఆగస్టు 19 అనే వేశారు. డాక్టరు ఇంకా ఫిట్ ఇవ్వలేదు. ఆగస్టు 20 నుంచి సెప్టెంబర్ 30 దాకా 42 రోజుల భృతి ఖాతాలో పడింది: 22,680. అన్నయ్య మెసేజ్ నాకు చూపించి 'ఇది సరిగ్గానే ఉందా' అని అడిగాడు. 540ని 42తో గుణించి చూపించా. మెడికల్ బోర్డు తర్వాత ఉంటుందన్నారు. మేనేజర్ గారు ఫోన్ ఎత్తట్లేదు. స్టోర్స్‌లో పని కావాలని రాసిన ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపా, అందినట్టు రుజువు కూడా వచ్చింది.

డబ్బు తీద్దామంటే చెక్కు మీద సంతకం కలవలేదన్నారు. శుక్రవారం బ్యాంకుకు వెళ్లాం. కొత్త సంతకం కార్డు ఇచ్చి ఎడమ చేత్తోనే మూడుసార్లు పెట్టమన్నారు. మూడూ మూడు రకాలుగా వచ్చాయి. కౌంటర్‌లో ఉన్న ఆవిడ కార్డు చించేసి ఇంకోటిచ్చి, 'తొందరేం లేదు, కూర్చుని పెట్టండి' అని కుర్చీ లాగింది.

కాగితాల తాత
13 అక్టోబర్, ఉదయం 5:40

సంతోషం బాబూ. బోర్డు తేదీ రాగానే ఇక్కడ పెట్టండి. బోర్డు ఇచ్చిన శాతం తక్కువనిపిస్తే మెడికల్ అప్పీల్ ట్రైబ్యునల్ ఉంది, ఆలస్యం చేయకూడదు. ఫిబ్రవరి నెల చందా పాస్‌బుక్‌లో పడిందో లేదో మార్చిలో చూసి చెప్పండి. నేను క్యాలెండర్ మీద రాసుకున్నాను.